అయిదో తరగతిలో రెండో తరగతి లెక్క

52లోంచి 38 తీసివేయమంటే కొందరు పిల్లలు 26 అని రాస్తారు. పరాకుగా చేసిన తప్పు కాదది. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేయాలని వాళ్లు సొంతంగా ఒక సూత్రం కట్టుకున్నారు: 8లో 2 పోతే 6, 5లో 3 పోతే 2. ఇలాంటివే ఇంకో ఇరవై లెక్కలు ఇంటిపనిగా ఇస్తే ఆ సూత్రమే గట్టిపడుతుంది. పదేసి పుల్లలు కట్టలు కట్టించి, అయిదు కట్టలూ రెండు విడిపుల్లలూ పిల్లాడి చేతికిచ్చి 38 ఇమ్మనండి. ఎనిమిది పుల్లల కోసం వాడే ఒక కట్ట విప్పుతాడు. పదుల స్థానం నుంచి అప్పు తేవడమంటే అదే.

చదువులోనూ ఇంతే. పాఠం గడగడా ఒప్పజెప్పే పిల్ల, అదే పేజీలో ‘రాష్ట్రం’ అన్న మాట మీద వేలు పెట్టి అడిగితే నీళ్లు నములుతుంది. గుణింతాలు వచ్చాయి, ఒత్తులు రాలేదు. కంఠతా పట్టిన పాఠం ఆ సంగతిని కప్పేసింది. అయిదో తరగతి పుస్తకమేమో ఆమె కోసం ఆగదు.

ఇలాంటి పిల్లలకు వాళ్లున్న చోటు నుంచే నేర్పితే ఏమవుతుందో 2001 నుంచి ముంబై, వడోదర మునిసిపల్ బడుల్లో పరీక్షించి చూశారు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ తరఫున ‘బాలసఖి’ అనే యువతి, 3, 4 తరగతుల్లో వెనకబడిన 15–20 మందిని రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టుకునేది. ఆమె ట్రైనింగయిన టీచరు కాదు, ఆ చుట్టుపక్కల బస్తీ అమ్మాయే. ఏ బడిలో ఏ తరగతికి బాలసఖి వెళ్లాలో లాటరీ పద్ధతిన తేల్చారు. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఈ పరిశోధకుల్లో ఉన్నారు. అట్టడుగున ఉన్న పిల్లలే బాగా పుంజుకున్నారు. నాకు ఇంతకన్నా ఆసక్తి కలిగించింది ఇంకొకటి: వాళ్లు బయటికి వెళ్లాక తరగతిలో జనం తగ్గినా, మిగిలిన పిల్లల మార్కులు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. అంటే మేలు చేసింది పలచబడిన తరగతి కాదు, పిల్లల స్థాయికి దిగివచ్చిన పాఠం.

అయితే బాలసఖి వెళ్లిపోయిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది కూడా.

స్థాయి కనుక్కోవడానికి పెద్ద పరీక్షలేమీ అక్కర్లేదు. ప్రథమ్ 2005లో మొదలుపెట్టిన ‘అసర్’ సర్వేలో పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ చదివిస్తారు. ఎక్కడ ఆగితే అదే స్థాయి. కొద్ది నిమిషాల పని. ఆ తర్వాత తరగతి, వయసు పక్కనపెట్టి, ఒకే మెట్టు మీదున్న వాళ్లను ఒకచోట చేర్చాలి.

చిక్కంతా ఇక్కడే. బిహార్‌లో 2008 వేసవి శిబిరాల్లో సర్కారు టీచర్లే ఈ పద్ధతిలో చెబితే పిల్లలు ముందుకెళ్లారు. బడులు తెరిచాక టీచర్లకు శిక్షణ, సామగ్రి మాత్రమే ఇచ్చిన చోట ఫలితం కనిపించలేదు. టీచర్లకు రాక కాదు, తీరిక లేక. సిలబస్ తరుముతూనే ఉంటుంది మరి. 2013–14లో ఉత్తరప్రదేశ్‌లో బడివేళల్లోనే పదేసి రోజుల శిబిరాలు పెట్టి, వాటికి వేరే సమయం కేటాయిస్తే పిల్లలు బాగా ముందుకెళ్లారు.

తెలంగాణలో ఇలాంటి లక్ష్యంతోనే 2022లో ‘తొలిమెట్టు’ పథకం మొదలైంది, 1 నుంచి 5 తరగతుల కోసం. అలాంటి పథకం ఏ బడిలో ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే నేనైతే ముందు టైంటేబుల్ అడుగుతాను: దానికి రోజూ ఒక పీరియడ్ ఉందా, ఆ పీరియడ్‌లో పాఠ్యపుస్తకం మూసి ఉంటుందా అని.