బడి గుమ్మం దగ్గర చట్టం: యూరప్‌లో రోమాలు, వివక్ష వ్యతిరేక విధానం

పరాయి దేశాల్లో మనలాంటి వాళ్లెవరని అడిగితే మన కార్యకర్తలు వెంటనే అమెరికా నల్లజాతి వాళ్ల పేరు చెబుతారు. అది సహజమే. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఆ పేరు పెట్టుకున్నదే అక్కడి బ్లాక్ పాంథర్స్‌ని చూసి. కానీ యూరప్‌లో కోటికి పైగా ఉన్న రోమాల గురించి మన సభల్లో మాట వచ్చేది చాలా తక్కువ. సినిమాల్లో గుడారాలేసుకుని పాటలు పాడే 'జిప్సీలు'గానే వాళ్లు మనకు తెలుసు. ఆ పేరును వాళ్లలో చాలామంది తిట్టుగా తీసుకుంటారు. నిజానికి వాళ్లలో ఎక్కువమంది తరాలుగా ఒకే చోట, ఊరికి ఎడంగా బతుకుతున్నవాళ్లు. వెలివాడ అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఇంతకంటే వర్ణన అక్కర్లేదు.

రోమాల భాషను బట్టి వాళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి వెళ్లినవాళ్లని పండితులు తేల్చారు. 2016లో ఢిల్లీలో జరిగిన రోమా సమావేశంలో మన విదేశాంగ మంత్రి వాళ్లను భారతదేశపు బిడ్డలన్నారు. వెయ్యేళ్ల కింద పోయిన బిడ్డల మీద ఇంత ప్రేమ ఉంటే మంచిదే, ఇక్కడే ఉన్నవాళ్ల సంగతి అప్పుడు ఎవరూ అడిగినట్టు లేదు. మాకు ఇక్కడ ముఖ్యం రక్తసంబంధం కాదు. నేటి రుమేనియా ప్రాంతాల్లో 1850ల దాకా రోమాలు బానిసలు. నాజీలు వాళ్లను లక్షల్లో చంపారు. చెక్ దేశంలో లేటీ అనే చోట రోమాల నిర్బంధ శిబిరం ఉన్న నేల మీద 1970లలో పందుల ఫారం కట్టారు. దాన్ని తీసేసి స్మారకం తెరవడానికి 2024 దాకా పట్టింది. ఇలాంటి మనుషులకు చట్టం ఏం చేసింది, ఏం చేయలేకపోయింది అన్నదే ఈ వ్యాసం.

ముందు ఒక కేసు చూద్దాం. ఓస్ట్రావా చెక్ రిపబ్లిక్‌లో బొగ్గు గనుల నగరం. అక్కడ మందబుద్ధి పిల్లల కోసమని 'ప్రత్యేక బళ్లు' ఉండేవి. ఆ బళ్లలో పాఠాలు తేలిక, పుస్తకాలు వేరు. అక్కడ చదివినవాడికి పై చదువుల దారి దాదాపు మూసుకుపోయినట్టే. 1996-99 మధ్య ఆ బళ్లలో పడేసిన 18 మంది రోమా పిల్లల తరఫున కేసు మొదలైంది. వాళ్ల వెనక బుడాపెస్ట్‌లోని యూరోపియన్ రోమా రైట్స్ సెంటర్ నిలబడింది. ఆ సంస్థ చేసిన పని చాలా సాదాది. బడి బడికీ తిరిగి లెక్కలు తీయించింది.

ఆ లెక్కలు నిదానంగా చదవాలి. ఓస్ట్రావాలో ప్రత్యేక బళ్లలో ఉన్న 1,360 మంది పిల్లల్లో 762 మంది రోమాలు, అంటే 56 శాతం. మామూలు ప్రాథమిక బళ్లలో ఉన్న 33,372 మందిలో రోమాలు 2.26 శాతం మాత్రమే. రోమా పిల్లల్లో 50.3 శాతం ప్రత్యేక బడికి పోతే, మిగతా పిల్లల్లో పోయింది 1.8 శాతం. రోమా ఇంట్లో పుడితే 'మందబుద్ధి' బడిలో పడే అవకాశం 27 రెట్లు ఎక్కువ. ఒక జాతిలో పుట్టిన సగం మంది పిల్లలకు బుద్ధి మందగించిందని ఏ డాక్టరూ చెప్పడు. కానీ ఆ దేశపు విద్యాశాఖ ఏళ్ల తరబడి ఆ మాటే చెబుతూ వచ్చింది.

చెక్ రాజ్యాంగ న్యాయస్థానం 1999లో ఈ కేసును కొట్టేసింది. 2000లో పిల్లలు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. 2006లో అక్కడి చిన్న బెంచీ కూడా ఆరుగురు ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా కేసు కొట్టేసింది. చివరికి 2007 నవంబరు 13న 17 మంది జడ్జిల పెద్ద బెంచీ 13-4తో ఇది వివక్షేనని తీర్పు చెప్పింది. చట్టపు పుస్తకాల్లో దీన్ని 'డి.హెచ్. తదితరులు వర్సెస్ చెక్ రిపబ్లిక్' అంటారు. ఒక్కొక్కరికి 4,000 యూరోల పరిహారం వచ్చింది. అప్పటికి ఆ పిల్లలకు బడి వయసు దాటిపోయింది.

ఈ తీర్పులో మనం పట్టుకోవాల్సినవి డబ్బు కాదు, మూడు సంగతులు. ప్రభుత్వ వకీళ్లు "మా చట్టంలో రోమా అనే మాటే లేదు, అందరికీ ఒకే పరీక్ష పెట్టాం" అన్నారు. కోర్టు ఏమందంటే, చట్టంలో పేరు లేకపోయినా దాని దెబ్బ ఒక జాతి మీదే ఎక్కువగా పడుతుంటే, దానికి సరైన కారణం చూపలేకపోతే, అదీ వివక్షే. దీన్నే పరోక్ష వివక్ష అంటారు. ఈ ఆలోచనకు మూలం అమెరికాలో 1971 నాటి గ్రిగ్స్ కేసు, కరెంటు కంపెనీలో నల్లవాళ్లను ఉద్యోగ పరీక్షలతో ఆపేసిన కేసు అది. 'మెరిట్' పేరుతో పెట్టే జల్లెడ ఎవరిని కింద పారబోస్తుందో చూడమని చెప్పే సూత్రం ఇది.

రెండోది రుజువు భారం. వివక్ష చేసేవాడు "నువ్వు ఫలానా కాబట్టి రానివ్వను" అని కాగితం మీద రాసివ్వడు. మనసులో ఉన్న ఉద్దేశం బాధితుడు నిరూపించాలంటే జన్మలో కాదు. అందుకని బాధితుడు లెక్కలతోనో పరిస్థితులతోనో అనుమానం కలిగించగలిగితే చాలు, ఆ తర్వాత కారణం చెప్పుకోవాల్సింది ఎదుటివాడే. నేర చట్టంలో ఇది కుదరదు, కుదరకూడదు కూడా. జైల్లో పెట్టేటప్పుడు నేరం పక్కాగా రుజువు కావాల్సిందే. మన 1989 అత్యాచారాల నిరోధక చట్టం నేర చట్టం. దానితో పాటు అద్దె ఇల్లు, ప్రైవేటు ఉద్యోగం, బడి సీటు వంటి వాటికి రుజువు భారాన్ని మార్చే సమగ్రమైన సివిల్ చట్టం మన దేశంలో లేదు. ఈ తేడా మీద మన దగ్గర జరగాల్సినంత చర్చ జరగలేదని మా అభిప్రాయం.

మూడోది సమ్మతి. తల్లిదండ్రులే ప్రత్యేక బడికి ఒప్పుకుని సంతకాలు పెట్టారని ప్రభుత్వం వాదించింది. కొన్ని చోట్ల ఆ ఫారాలు ముందే నింపి ఉంచినవి. దానివల్ల ఏమవుతుందో చెప్పకుండా తీసుకున్న సంతకం సమ్మతి కాదంది కోర్టు. అంతేకాదు, జాతి వివక్షకు గురికాకుండా ఉండే హక్కును ఎవరూ సంతకం పెట్టి వదులుకోలేరని కూడా అంది. మా ఇళ్లలో చదువుకున్న మొదటి తరం మేమే. అమ్మానాన్నల చేత ఎవరెవరు ఏయే కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారో చదువొచ్చాక గానీ మాకు తెలియలేదు. అందుకే తీర్పు మొత్తంలో మాకు బాగా నచ్చింది ఈ భాగమే.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. యూరప్ అంటే ఒకటే సంస్థ కాదు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ వేరు, యూరోపియన్ యూనియన్ వేరు. మొదటిదానిలో 46 దేశాలు, మానవ హక్కుల ఒడంబడిక దానిది, కోర్టు స్ట్రాస్‌బర్గ్‌లో. రెండోదానిలో 27 దేశాలు, దాని కోర్టు లక్సెంబర్గ్‌లో. యూనియన్ చేసే డైరెక్టివ్ అంటే సభ్యదేశాలకు ఆజ్ఞ లాంటిది, ఒక గడువులోగా ప్రతి దేశం దానికి తగ్గ చట్టం చేసుకోవాలి. 2000 జూన్ 29న వచ్చిన జాతి సమానత్వ డైరెక్టివ్ అలాంటిదే. ఉద్యోగం, చదువు, వైద్యం, ఇల్లు, సరుకులు, సేవలు అన్నిట్లో జాతి వివక్షను నిషేధించింది. పరోక్ష వివక్ష, రుజువు భారం మార్పు రెండూ అందులో రాసి ఉన్నాయి. స్ట్రాస్‌బర్గ్ కోర్టు తన తీర్పులో దాని సాయం తీసుకుంది. మామూలుగా ఏళ్లు పట్టే ఇలాంటి చట్టం కొద్ది నెలల్లోనే తేలింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆస్ట్రియాలో హైదర్ పార్టీ ప్రభుత్వంలో చేరడంతో మిగతా పాలకులకు తాము జాతివాదులం కామని చూపించుకోవాల్సి వచ్చింది. పాలకుల బుద్ధి మారడం కంటే పాలకుల ఇబ్బందే చట్టాలు ఎక్కువ తెస్తుందనిపిస్తుంది.

ఈ డైరెక్టివ్ కింద వచ్చిన కేసుల్లో కరెంటు మీటర్ల కేసు మన పాఠకులకు తప్పక చెప్పాలి. బల్గేరియాలో దుప్నిత్సా అనే పట్నం. అందులో రోమాలు ఎక్కువగా ఉండే పేటలో కరెంటు కంపెనీ మీటర్లన్నీ స్తంభాల మీద ఆరేడు మీటర్ల ఎత్తున బిగించింది. మిగతా పేటల్లో అవి మనిషి చూసి చదువుకునే ఎత్తులో, 1.7 మీటర్ల దగ్గరే ఉండేవి. ఎందుకని అడిగితే దొంగ కనెక్షన్లని జవాబు. ఏ ఇంట్లో దొంగతనం జరిగిందో చూడలేదు, పేట మొత్తానికీ దొంగ ముద్ర వేశారు. తమ బిల్లు సరైందో కాదో చూసుకునే వీలు కూడా ఎవరికీ లేకుండా చేశారు. కేసు వేసింది మాత్రం రోమా కాదు, ఆ పేటలో కొట్టు నడిపే వేరే ఆవిడ. 2015 జులై 16న లక్సెంబర్గ్ కోర్టు ఏమందంటే, ఒక జాతి మీద పెట్టిన అవమానం వాళ్లతో పాటు బతికే మరొకరి మీద పడినా ఆ మనిషికీ చట్టం వర్తిస్తుంది. పేట మొత్తాన్ని అవమానించే ఈ పద్ధతిని కోర్టు తప్పుపట్టి, ఆఖరి నిర్ణయం బల్గేరియా కోర్టుకు వదిలింది. దళితవాడలో అద్దెకున్న వేరే కులపు మనిషి గురించి ఆలోచిస్తే ఈ సూత్రం ఎంత దూరం వెళ్తుందో అర్థమవుతుంది.

లెక్కలు లేకపోతే ఓస్ట్రావా కేసు లేదు. అయితే ఆ తీర్పు వచ్చిన రెండు రోజులకే, 2007 నవంబరు 15న, ఫ్రాన్సు రాజ్యాంగ మండలి జాతిని బట్టి జనం లెక్కలు తీయడం రాజ్యాంగానికి విరుద్ధమంది. పౌరులందరూ ఒకటే, జాతి అడగడమే తప్పు అన్నది అక్కడి సిద్ధాంతం. వినడానికి గొప్పగానే ఉంటుంది. నాజీ కాలంలో జాబితాలు ఎందుకు పనికొచ్చాయో తెలిసిన రోమాలు, యూదులు కొందరు లెక్కలంటే భయపడటంలో న్యాయముంది కూడా. కానీ లెక్క లేనిచోట వివక్ష కనబడదు, కనబడనిదాన్ని కోర్టులో పెట్టలేం. 1931 తర్వాత అన్ని కులాల లెక్క ప్రకటించకుండా నెట్టుకొచ్చిన మన దేశంలో, 2024లో తెలంగాణలో ఇంటింటి కులసర్వే జరిగినప్పుడు వచ్చిన అభ్యంతరాలు విన్నవాళ్లకు ఈ వాదన కొత్తది కాదు.

ఇక మైనారిటీ హక్కుల రక్షణ. 1995లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ జాతీయ మైనారిటీల రక్షణకు ఒక ఒడంబడిక తెచ్చింది. 1998లో అది అమల్లోకి వచ్చింది. భాష, సంస్కృతి, పేర్లు, బడులు ఇవన్నీ అందులో ఉన్నాయి. దానికి కోర్టు లేదు. నిపుణుల కమిటీ నివేదికలు రాస్తుంది, దేశాలు జవాబులు రాస్తాయి. జాతీయ మైనారిటీ అంటే ఎవరో దానిలో నిర్వచనం లేదు కాబట్టి ఏ దేశానికి ఇష్టమైన జాబితా ఆ దేశం రాసుకుంటుంది. ఫ్రాన్సు సంతకమే పెట్టలేదు. ఇంకో చిక్కుంది. ఈ ఒడంబడిక ఆలోచన అంతా గౌరవంగా వేరుగా ఉండాలనుకునే భాషా మైనారిటీల కోసం పుట్టింది. రోమాల మొదటి కొట్లాట వేరుగా ఉంచొద్దని. హంగరీలో కొన్ని బళ్లు 'రోమా మైనారిటీ విద్య' పేరు మీదే వాళ్ల పిల్లలను వేరే గదుల్లో కూర్చోబెట్టాయి. సంస్కృతి రక్షణ పేరుతో అంటరానితనం నడపొచ్చని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు గదా.

తీర్పుల తర్వాత ఏమైంది? చెక్ ప్రభుత్వం తీర్పు రాకముందే, 2004 నాటి చట్టంతో ప్రత్యేక బళ్లను రద్దు చేశానంది. చాలాచోట్ల అవే భవనాలు, అవే టీచర్లు, బోర్డు మీద పేరు మాత్రం మారింది. 2014లో చెక్ మీద, 2015లో స్లొవేకియా మీద, 2016లో హంగరీ మీద యూరోపియన్ కమిషన్ చర్యలు మొదలుపెట్టింది. ఈ దేశాలను 2004లో యూనియన్‌లో చేర్చుకునే ముందు మైనారిటీల రక్షణ షరతు పెట్టారు. చేరాక ఆ పట్టు సడలింది. పాత సభ్యులకైతే ఆ షరతే లేదు. యూనియన్ హక్కుల సంస్థ 2021 సర్వే ప్రకారం రోమా పిల్లల్లో 52 శాతం మంది అంతా రోమాలో, దాదాపు రోమాలో ఉండే బళ్లలోనే చదువుతున్నారు. 2016లో అది 44 శాతం. చట్టం వచ్చి ఇరవై ఏళ్లయ్యాక వేరుచేయడం పెరిగిందన్నమాట.

హంగరీలో గ్యోంగ్యోష్‌పటా అనే ఊరి బడిలో రోమా పిల్లలను వేరే తరగతుల్లో పెట్టినందుకు 2020 మేలో ఆ దేశ సుప్రీంకోర్టు డబ్బు పరిహారం ఖాయం చేసింది. ప్రధాని ఓర్బాన్ ఆ డబ్బివ్వడాన్ని బహిరంగంగానే వ్యతిరేకించాడు. ఆ ఏడాదే పార్లమెంటు చట్టం మార్చింది. ఇకమీదట ఇలాంటి కేసుల్లో పరిహారం డబ్బుగా కాకుండా చదువు, శిక్షణ రూపంలోనే ఇవ్వాలట. చదువు చెడగొట్టిన వ్యవస్థే చదువు చెప్పి బాకీ తీరుస్తుందట!

రిజర్వేషన్ల మాటకొస్తే, డైరెక్టివ్ ప్రత్యేక చర్యలను అనుమతిస్తుంది గానీ తప్పనిసరి చేయదు. రుమేనియా విశ్వవిద్యాలయాల్లో 1990ల నుంచి రోమాలకు కొన్ని సీట్లు ఉన్నాయి. చాలా దేశాల్లో అదీ లేదు. ఈ విషయంలో అంబేద్కర్ మనకు ఇచ్చిపోయింది యూరప్ ఇంకా అందుకోలేదు.

మరి వాళ్ల చట్టాల్లో కులం ఎక్కడుంది? 2001లో డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక సభకు దళిత కార్యకర్తలు వెళ్లి కులాన్ని చర్చకు పెట్టమన్నారు. కులం జాతి కాదని భారత ప్రభుత్వం అడ్డుపడింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ పుట్టుక మీద ఆధారపడిన వివక్షలో కులమూ భాగమేనంది. యూరోపియన్ పార్లమెంటు 2007లో, 2013లో తీర్మానాలు చేసింది. అవి ఎవరినీ కట్టిపడేయవు.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే బ్రిటన్‌లో మాత్రం విషయం చట్టం దాకా వచ్చింది. 2010 సమానత్వ చట్టంలో కులాన్ని జాతిలో భాగంగా చేర్చే అధికారం మంత్రికిచ్చారు. 2013లో పార్లమెంటు 'చేర్చవచ్చు' అన్న మాటను 'చేర్చి తీరాలి'గా మార్చింది. అక్కడి హిందూ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. 2014లో ఇండియా నుంచి తీసుకెళ్లిన ఒక ఇంటిపనిమనిషి కేసులో ఉద్యోగ అప్పీళ్ల ట్రిబ్యునల్, కొన్ని సందర్భాల్లో కులం ఇప్పటికే 'జాతి మూలం' కిందికి రావచ్చంది. బాధితులకు ఊరటగా వచ్చిన ఆ మాటనే 2018 జులైలో ప్రభుత్వం తనకు సాకుగా వాడుకుంది. కోర్టు తీర్పులు చాలు, చట్టంలో కులం పేరు రాయక్కర్లేదని తేల్చేసింది. అంటే లండన్‌లోనో లెస్టర్‌లోనో కులం పేరుతో పని పోగొట్టుకున్న మనిషి, తన మీద వివక్ష జరిగిందని చెప్పుకోవడానికి ముందు, తన కులం చట్టం కిందికి వస్తుందని సొంత ఖర్చుతో వాదించుకోవాలి.