ఎడారి అంచున వలల బతుకు

పాలమూరు వాసులకు ఎండ కొత్త కాదు, వలస కొత్త కాదు. వానలు ముఖం చాటేసిన ఏట మూటాముల్లె సర్దుకుని బొంబాయికీ పూనాకూ తరలివెళ్లే కుటుంబాలను మక్తల్ ప్రాంతం తరతరాలుగా చూస్తూనే ఉంది. మన చేలు ఎండిపోవడం వల్ల మనం వలస వెళుతున్నామని అనుకుంటాం. కానీ కనుచూపు మేర నీరే ఉన్న చోట కూడా ఇల్లు విడిచి నెలల తరబడి గుడిసెల్లో బతికేవారున్నారు. భూమిపై సంచరించి చూడమని దివ్యఖుర్ఆన్ మనల్ని పలుమార్లు ప్రోత్సహిస్తోంది. ఆ దృష్టితో దేశపు పశ్చిమ కొసన ఉన్న కచ్ తీరాన్ని ఒకసారి పరికిద్దాం.

కాలినడకన చేపల వేట

కచ్‌కు ఉత్తరాన రణ్ అనే విశాలమైన ఉప్పు ఎడారి, దక్షిణాన కచ్ సింధుశాఖ. వర్షం స్వల్పం, తాగునీరు అరుదు. అయితే ఆ సింధుశాఖలో ఆటుపోట్లు అసాధారణమైనవి. పోటు సమయానికీ ఆటు సమయానికీ మధ్య నీటిమట్టంలో కొన్ని చోట్ల ఆరేడు మీటర్ల వ్యత్యాసం ఉంటుంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మైళ్ల కొద్దీ బురదనేల బయటపడుతుంది.

ముంద్రా పరిసరాల్లోని జాలరులు ఈ ఆటుపోట్లనే జీవనాధారం చేసుకున్నారు. వీరిలో అత్యధికులు వాఘేర్ తెగకు చెందిన ముస్లిములు. పడవ లేకుండా కాలినడకన వేట సాగించేవారిని అక్కడ ‘పగడియా’లని పిలుస్తారు. ‘పగ్’ అంటే పాదం. ఆటు సమయంలో బురదలో నడిచి వెళ్లి, గుంజలు పాతి వలలు కట్టి వస్తారు. పోటుతో వచ్చిన చేపలు నీరు తిరిగి తగ్గేటప్పుడు ఆ వలల్లో చిక్కుకుంటాయి. మళ్లీ నడిచి వెళ్లి వాటిని ఏరుకుని వస్తారు. వీరి పనివేళలను నిర్ణయించేది గడియారం కాదు, చంద్రుడు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఉద్ధృతి ఎక్కువ. అష్టమి ప్రాంతంలో తక్కువ. రంజాన్ నెలవంక కోసం మనం ఏడాదికొకసారి ఆకాశం వైపు చూస్తాం. ఆ జాలరులు మాత్రం నెల పొడవునా చంద్రుణ్ణి గమనిస్తూనే ఉంటారు.

వానాకాలం ముగియగానే కుటుంబాలన్నీ ఊళ్లు వదిలి ‘బందర్’లనబడే తీరపు మకాములకు చేరుకుంటాయి. వెదురుతో, గోనెపట్టాలతో గుడిసెలు వేసుకుని ఎనిమిది తొమ్మిది నెలలు అక్కడే గడుపుతాయి. పురుషులు తెచ్చిన చేపలను వేరుచేయడం, ఎండబెట్టడం, మూటలు కట్టడం స్త్రీల పని. తాగునీటిని బయటి నుంచి తెచ్చుకోవలసిందే. వానలు మొదలైతే గుడిసెలు విప్పుకుని తిరిగి ఊళ్లకు పయనం.

లెక్కలోకి రాని మనుషులు

ఈ తాత్కాలిక నివాసమే వారి పాలిట శాపంగా మారింది. ముంద్రా తీరంలో ఓడరేవు విస్తరించింది. 4,000 మెగావాట్లకు పైబడిన బొగ్గు విద్యుత్ కేంద్రం వెలిసింది. దానికి ప్రపంచ బ్యాంకు కూటమిలోని అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ 2008లో 45 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. కేంద్రం నుంచి వెలువడే వేడినీరు చేపలను తీరానికి దూరం చేస్తోందనీ, బొగ్గు ధూళి ఎండుచేపలపై పేరుకుంటోందనీ, బందర్లకు దారులు మూసుకుపోయాయనీ జాలరులు 2011లో ఆ సంస్థ ఫిర్యాదుల విభాగాన్ని ఆశ్రయించారు. రుణదాతలు ప్రాజెక్టుకు ముందు ఈ రుతుకాలపు నివాసులపై పడే ప్రభావాన్ని తగినంతగా పరిగణించలేదని ఆ విభాగం 2013లో తన నివేదికలో తేల్చింది. ఏడాదిలో అధికభాగం తీరాన గడిపేవారే తీరవాసుల లెక్కలోకి రాకపోవడం ఎంత విచిత్రం!

పరిస్థితి మారకపోవడంతో బుధా ఇస్మాయిల్ జామ్ అనే జాలరి, మరికొందరు కలిసి 2015లో అమెరికా న్యాయస్థానంలో దావా వేశారు. అంతర్జాతీయ సంస్థపై దావా చెల్లదని దిగువ కోర్టులు తోసిపుచ్చాయి. అయితే 2019 ఫిబ్రవరి 27న అమెరికా సుప్రీంకోర్టు, అటువంటి సంస్థలకు సంపూర్ణ రక్షణ లేదని 7–1 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. పగడియాల ఊళ్ల నుంచి వెళ్లిన ఫిర్యాదు ప్రపంచ న్యాయచరిత్రలో నిలిచిపోయింది. కానీ కేసు తిరిగి దిగువ కోర్టుకు వెళ్లాక ఇతర కారణాలతో వీగిపోయింది. 2022లో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ విచారించడానికి నిరాకరించింది. పేరు దక్కింది, పరిహారం మాత్రం దక్కలేదు.

ఆ తీరాన మన తెలుగువారు

గుజరాత్ తీరంతో తెలుగువారికీ బలమైన బంధం ఉంది. శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 190 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నా, పెద్ద పడవలు నిలిపే రేవు సౌకర్యం చిరకాలం కొరవడింది. అందుకే అక్కడి మత్స్యకారులు వేలాదిగా వెరావల్ వంటి రేవులకు వెళ్లి యాంత్రిక పడవల్లో కూలీలుగా చేరుతున్నారు. పడవను నడిపించే పెద్దను ‘తండేలు’ అంటారు. రోజుల తరబడి నడిసముద్రంలోనే వారి జీవితం.

2018 నవంబరులో వారిలో కొందరి పడవలను పాకిస్తాన్ గస్తీ దళం పట్టుకుంది. నీటిపై కంచె ఉండదు, గీత కనిపించదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు చెందిన ఇరవై మంది పద్నాలుగు నెలల నిర్బంధం అనంతరం 2020 జనవరి 6న వాఘా సరిహద్దు వద్ద విడుదలయ్యారు. అన్ని నెలలూ సంపాదించే చేయి లేక, సమాచారం లేక వారి భార్యాబిడ్డలు పడిన వేదన మాటలకందనిది. అదే ఏడాది లాక్‌డౌన్ వచ్చినప్పుడు వేలాది తెలుగు మత్స్యకారులు వెరావల్‌లో పడవల్లోనే చిక్కుకుపోయారు. చివరకు బస్సుల్లో స్వస్థలాలకు చేరారు.

ధర్మం చూపే దారి

ఎడారి తీరపు ఆకలి ఇస్లాం చరిత్రకు తెలియనిది కాదు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వాన మూడు వందల మంది సహాబాలు సముద్రతీరానికి వెళ్లినప్పుడు ఆహారం నిండుకుంది. రోజుకు మనిషికొక ఖర్జూరంతో సరిపెట్టుకున్నారు. చివరకు ఆకులు తిన్నారు. అప్పుడు ఒడ్డుకు కొట్టుకువచ్చిన మహామత్స్యం వారందరి ఆకలి తీర్చింది. వారు మదీనాకు తిరిగివచ్చి చెప్పగా దైవప్రవక్త (స) అది అల్లాహ్ ప్రసాదించిన ఉపాధి అని తెలిపి, తాము కూడా భుజించారు. సహీహ్ బుఖారీలో ఈ వృత్తాంతం ఉంది.

సముద్రపు చేప పట్టుకున్నవాడి సొత్తు అవుతుంది. పట్టకముందు అది ఎవరి సొత్తూ కాదు. నీరు, పచ్చిక, నిప్పు ప్రజలందరి ఉమ్మడి హక్కని ప్రవక్త (స) బోధించారు. ఉమ్మడి సొత్తును ఒకరి అవసరం కోసం మళ్లించవలసి వస్తే, దానిపై ఆధారపడినవారిని ముందుగా అడగడం, నష్టపోయినవారికి పరిహారం చెల్లించడం న్యాయం. పట్టా లేనంత మాత్రాన హక్కు లేదనడం అన్యాయం.

ఈ విషయం మనకూ వర్తిస్తుంది. మక్తల్ మండలంలోని పంచదేవ్‌పహాడ్ రేవులో పుట్టి నడిపే బెస్తకూ, జూరాల జలాశయంలో వల విసిరేవారికీ నీటిపై కాగితం ఉండదు. తరతరాల అలవాటే వారి ఆధారం. అలాగే మన ఊళ్లకు ఇటుక బట్టీల పనికో, పత్తి ఏరడానికో వచ్చిన పరాయి కుటుంబాలు ఆరేసి నెలలు మన మధ్యనే ఉంటాయి. వారి పిల్లల చదువు, రేషన్, వైద్యం సంగతి మనలో ఎందరం అడిగాం? జకాత్‌కు అర్హులైనవారిలో బాటసారిని ఖుర్ఆన్ ప్రత్యేకంగా చేర్చింది. సొంత ఊళ్లో ఇల్లున్నా పరాయి చోట నిస్సహాయుడైనవాడు బాటసారే. ఈ మాసం మీ వీధి చివర గుడిసె వేసుకున్న కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో, వారి పిల్లలు బడికి వెళుతున్నారో లేదో కనుక్కోండి. వెళ్లకపోతే దగ్గర ఉండి బడిలో చేర్పించండి.