హార్మోన్లలా నటించే రసాయనాలు

సాయంత్రం ఏడు దాటితే దిల్‌సుఖ్‌నగర్ కర్రీ పాయింట్ల దగ్గర కాలు పెట్టడానికి చోటుండదు. హాస్టల్ పిల్లలే కాదు, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చే మనమూ అక్కడే చేరతాం. పొగలు కక్కే సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి, మూతి బిగించి చేతిలో పెడతారు. ఆ కవరు ఏ రకం ప్లాస్టిక్కో, అందులో ఏమేం కలిపారో అమ్మేవాళ్ళకే తెలీదు. "అయితే ఏమయిందట?" అంటారా? అమెరికాలో బోస్టన్‌లో జరిగిన ఈ సంగతి వినండి.

టఫ్ట్స్ యూనివర్సిటీలో ఆనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్ అనే శాస్త్రజ్ఞులు రొమ్ము క్యాన్సర్ కణాల మీద పరిశోధన చేస్తుండేవారు. ఈ కణాలు ఈస్ట్రోజెన్ తగిలితేనే గబగబా పెరుగుతాయి. ఈస్ట్రోజెన్ అంటే మన ఆడవాళ్ళ ఒంట్లో తయారయ్యే హార్మోనే. అది తీసేస్తే కణాలు ఊరుకుంటాయి. అలాంటిది ఒకసారి హార్మోన్ వేయని వాటిల్లో కూడా కణాలు తెగ పెరిగిపోయాయి! నెలల తరబడి వెతికితే చివరికి దొరికిన దొంగ, వాళ్ళు వాడే ప్లాస్టిక్ ట్యూబు. దాన్లోంచి నోనైల్‌ఫినాల్ అనే రసాయనం బయటికి వస్తోందని 1991లో ప్రకటించారు.

ఇదెలా జరుగుతుందంటే, కణంలో హార్మోన్‌కి ఓ తాళం లాంటిది ఉంటుంది. ఈస్ట్రోజెన్ దాని తాళంచెవి. కొన్ని రసాయనాలు మారు తాళంచెవిలా అందులో దూరి, "పెరుగు, రెండుగా చీలు" అని కణానికి చెప్పేస్తాయి. మామూలు కణమైతే అదుపులో ఉంటుంది. అప్పటికే దారి తప్పిన కణానికి మాత్రం అది ఎరువు వేసినట్టే. గాజు పాత్రలో జరిగిందల్లా మనిషి ఒంట్లోనూ అంతే జరుగుతుందని కాదు సుమా! కానీ అనుమానానికి తావుంది.

ప్లాస్టిక్‌లో కలిపే బిస్‌ఫినాల్ లాంటివి ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. అసలు మొండివి వేరే ఉన్నాయి. మన చిన్నప్పుడు చీమల మందంటే గమేక్సిన్ పొడే కదూ? గోడ వారగా, బియ్యం డబ్బాల కింద చేత్తోనే చల్లేవాళ్ళం. దాన్ని 1997లో నిషేధించారు. డీడీటీని 1989లో పంటల మీద మాన్పించినా, మలేరియా దోమలకని ఆ తర్వాతా చల్లారు. ఇవి నీళ్ళలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. అందుకే ఒంట్లో కొవ్వు పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చుంటాయి. గమేక్సిన్‌లోని అసలు మందు లిండేన్ క్యాన్సర్ కలిగిస్తుందనీ, డీడీటీ కలిగించే అవకాశం ఉందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ విభాగం 2015లో తేల్చింది.

ఇక్కడే ఒక చిక్కుంది. పెద్దవయసు ఆడవాళ్ళ రక్తంలో డీడీటీ కొలిచిన చాలా పరిశోధనల్లో రొమ్ము క్యాన్సర్‌తో సంబంధం స్పష్టంగా కనబడలేదు. కాలిఫోర్నియాలో మాత్రం 1960ల నాటి బాలింతల రక్తం దాచి ఉంచి, దశాబ్దాల తర్వాత పరీక్షించారు. పద్నాలుగేళ్ళు నిండక ముందే డీడీటీ వాడకం చూసినవాళ్ళలో, రక్తంలో అది బాగా ఎక్కువగా ఉన్నవారికి యాభై ఏళ్ళలోపు రొమ్ము క్యాన్సర్ ముప్పు ఐదింతలు కనిపించింది (2007). గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువ డీడీటీ ఉన్న తల్లుల కూతుళ్ళకి ముప్పు దాదాపు నాలుగింతలు (2015). అంటే ఎంత తగిలింది అన్నదే కాదు, ఏ వయసులో తగిలింది అన్నదీ ముఖ్యమే. కాబట్టి ఇంట్లో ఎదిగే ఆడపిల్ల, గర్భిణి ఉంటే కాస్త ఎక్కువ జాగ్రత్త పడాలి. బాలింతలు మాత్రం ఇది చదివి బిడ్డకి పాలు మాన్పించకండి. తల్లిపాల మేలు ఈ భయం కంటే చాలా ఎక్కువ.

మన దగ్గర సంగతి చూస్తే, 2020లో వచ్చిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు హైదరాబాద్ జిల్లాలోనే అందరికంటే ఎక్కువ. లక్ష మంది స్త్రీలకి ఏటా 48. మన ఎల్బీనగర్ రంగారెడ్డి జిల్లా కిందికి వస్తుంది కానీ, జిల్లా హద్దు దగ్గర జబ్బు ఆగుతుందా? దీనికి రసాయనాలే కారణమని ఎవరూ తేల్చలేదు. ఆలస్యపు కాన్పులు, పెరిగే బరువు, కదలిక లేని పని, వంశంలో ఉండడం, ఇవన్నీ కారణాలే.

కర్రీ పాయింటుకి వెళ్తే స్టీలు క్యారియరు తీసుకెళ్ళండి. మొదట్లో నవ్వుతారు, తర్వాత వాళ్ళే అడిగి పోస్తారు. ప్లాస్టిక్ డబ్బాలో కూర మైక్రోవేవ్‌లో పెట్టకండి. సరూర్‌నగర్ రైతు బజారులో కొన్న ఆకుకూరలు రెండు మూడు నీళ్ళలో బాగా కడగండి, పైనున్న మందు కొంతైనా పోతుంది. అటకమీద పాత పురుగుమందు డబ్బా ఉంటే గింజల దగ్గరికి రానివ్వకండి.

అన్నిటికంటే ముందు, ముప్పై దాటినవాళ్ళు డాక్టరు చేత రొమ్ము పరీక్ష చేయించుకోండి. గడ్డ నొప్పి లేదని ఊరుకోవద్దు, మొదట్లో చాలావాటికి నొప్పి ఉండదు. చనుమొన లోపలికి లాగినా, రక్తం కారినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా వెంటనే చూపించాలి. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎం.ఎన్.జె. రెడ్‌హిల్స్‌లో ఉంది. ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే లక్డీకాపూల్‌లో దిగి వెళ్ళొచ్చు.