న్యూయార్క్ మూకుడులో మారిన నూనె

వనస్పతితో చేసిన మిఠాయి తిన్నాక అంగిలికి మైనంలా ఏదో అంటుకోవడం మీరెప్పుడైనా గమనించారా? ద్రవరూపంలోని నూనెలోకి నికెల్ ఉత్ప్రేరకం సమక్షంలో హైడ్రోజన్‌ను పంపితే అది గడ్డకడుతుంది. చర్య సగంలో ఆగితే, మిగిలిన ద్విబంధాల్లో కొన్ని 'సిస్' రూపం నుంచి 'ట్రాన్స్' రూపానికి మారతాయి. వంపు తిరిగి ఉండాల్సిన కొవ్వు ఆమ్లపు గొలుసు నిటారుగా సాగుతుంది. ఇంతే మార్పు! కాని దీన్ని తిన్నవారి రక్తంలో చెడు కొలెస్టరాల్ పెరుగుతుంది, మంచి కొలెస్టరాల్ తగ్గుతుంది. గుండెజబ్బు ముప్పు హెచ్చుతుంది.

ఇంట్లో వాడే నూనెను మనమే ఎంచుకుంటాం. మరి హోటల్ మూకుడులో ఏముందో ఎలా తెలుస్తుంది? ఈ ట్రాన్స్ కొవ్వును స్వచ్ఛందంగా మానుకోమని న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ 2005లో హోటళ్లను కోరింది. అప్పటికి దాదాపు సగం హోటళ్లు వాడుతుండేవి. ఏడాది తర్వాతా అంతే! (విజ్ఞప్తులతో మారే అలవాట్లు తక్కువే కదా.) దాంతో 2006 డిసెంబరులో నగర ఆరోగ్య మండలి నిబంధన విధించింది. ఒక్కొక్క వడ్డనలో ట్రాన్స్ కొవ్వు అర గ్రాముకన్నా తక్కువే ఉండాలి. వేపుడు నూనెలకు 2007 జులై నుంచి, మిగతా పదార్థాలకు 2008 జులై నుంచి ఇది అమలయింది.

వెన్న, పామాయిల్ వంటివి ఆ స్థానంలోకి వస్తాయేమోనని కొందరు శంకించారు. 2007, 2009లలో ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో మధ్యాహ్నం జరిగిన కొనుగోళ్లను పోల్చి చూస్తే, ఒక్కొక్క కొనుగోలులో ట్రాన్స్ కొవ్వు సగటున 2.4 గ్రాములు తగ్గింది. సంతృప్త కొవ్వు పెరిగింది అర గ్రాము పైచిలుకే. పేదల పేటల్లోనూ తగ్గుదల సంపన్నుల పేటల్లో ఉన్నంతే ఉంది. లేబుల్ చదవడం రానివారికీ ఆ మేలు అందింది.

మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించరాదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది.