బండి కింది తడి మరక

గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని మేము ఎన్నో ఏళ్లుగా విద్యార్థులకు చెబుతూ వచ్చాము. ఆ మాటలోని లోతు మాత్రం నల్లమల కనుమ దారిలోనే మాకు తెలిసివచ్చింది.

మాది పాత కారు. రెండు వేసవుల క్రితం ఒక ఉదయం మా ఇల్లాలు వాకిలి ఊడుస్తూ, బండి నిలిపిన చోట పచ్చటి తడి మరకను చూపి, "ఒకసారి షెడ్డులో చూపించండి" అన్నారు. రేడియేటరు గొట్టం కారుతున్నదని మాకు అర్థమయింది. అయినా, "బండి నడుస్తూనే ఉంది కదా, సెలవుల్లో చూద్దాం" అన్నాము. రోజూ ఉదయం సీసాడు నీళ్లు పోసి సరిపెట్టుకున్నాము. ఇలా మూడు వారాలు గడిచాయి.

మే నెలలో బంధువుల ఇంట నికాహ్‌కు గుంటూరు నుండి నంద్యాలకు బయలుదేరాము. వెనుక సీట్లో వృద్ధురాలైన మా అమ్మ, ఆమె పక్కన మా కోడలు, ఆమె ఒడిలో ఆరు నెలల మనవరాలు. గిద్దలూరు దాటి కనుమ ఎక్కుతుండగా వేడిని చూపే ముల్లు ఎర్ర గీతను తాకింది. బండిని పక్కకు తీసేలోపే బానెట్టు సందుల నుండి ఆవిరి లేచింది. చుట్టూ అడవి, ఫోనుకు సిగ్నలు లేదు. మిగిలిన నీళ్లు రెండు సీసాలు. వాటిని బండికి పోయాలా, మనుషులకు ఉంచాలా? మనుషులకే ఉంచాము. గంటన్నర తరువాత ఒక జీపు డ్రైవరు దయతలచి ఆడవారిని నంద్యాల చేర్చాడు.

గొట్టం మార్చడానికి 700 రూపాయలు చాలేవి. చివరికి మేము చెల్లించినది 26,000. అది చిన్నమ్మాయి కళాశాల రుసుము కోసం దాచిన సొమ్ము.

లోపల జరిగినదేమిటి?

కూలెంటు కేవలం రంగునీరు కాదు. అది నీటి కన్నా ఎక్కువ వేడిని తాళుకుని మరుగుతుంది, లోపల తుప్పును అడ్డుకుంటుంది. రోజూ నీళ్లు కలిపిన కొద్దీ దాని శక్తి తగ్గుతుంది. గొట్టం కారితే లోపలి ఒత్తిడి నిలవదు. అప్పుడు నీరు త్వరగా మరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిను మరింత వేడెక్కుతుంది. ఆ వేడికి అల్యూమినియం హెడ్డు వంగి, దాని కింది గ్యాస్కెట్టు పాడవుతుంది. మా బండిలో జరిగినది ఇదే. ముల్లు ఎరుపును తాకితే వెంటనే ఆపాలి. ఇంజిను పూర్తిగా చల్లారేవరకు రేడియేటరు మూత తీయరాదు. మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు?

ప్రతి చిన్న శబ్దానికీ షెడ్డుకు పరుగెత్తమని మా ఉద్దేశం కాదు. సీటు కవరు చిరిగినా, తలుపు మీద గీత పడినా, పాటల పెట్టె మూగబోయినా ప్రాణానికి ముప్పు లేదు. చేతిలో డబ్బు ఆడినప్పుడు చూసుకోవచ్చు. అయితే గీత ఇనుము దాకా దిగితే రంగు వేయించడం మేలు. సముద్ర తీర ప్రాంతాలలో తుప్పు త్వరగా పడుతుంది.

ఆపడానికి, తిప్పడానికి, చల్లబరచడానికి పనికివచ్చే భాగాలలో లోపం కనిపిస్తే వాయిదా వేయరాదు. బ్రేకు నొక్కినప్పుడు కీచుమంటే ప్యాడ్లు అరిగాయేమో చూపించాలి. ఆలస్యం చేస్తే లోహం లోహాన్ని కోసి డిస్కు కూడా పోతుంది. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చవలసిందే. టైరు ఒక అంచే అరుగుతుంటే అలైన్‌మెంటు సరిచేయిస్తే టైరు నిలుస్తుంది. ఆయిలు గుర్తు గల ఎర్ర దీపం వెలిగితే ఇంటిదాకా వెళదామని అనుకోకుండా అక్కడే ఇంజిను ఆపాలి. పసుపు దీపమైతే సాధారణంగా నెమ్మదిగా షెడ్డు చేరవచ్చు.

మెకానిక్కు మోసగిస్తాడన్న భయం కొందరిని వెనక్కి లాగుతుంది. పని మొదలుపెట్టకముందే ఖర్చు అడగండి. మార్చిన పాత భాగాన్ని చూపించమనండి. పెద్ద పనైతే మరొకరి చేత చూపించండి.

మేమిప్పుడు నెలకు 500 రూపాయలు బండి పేరిట పక్కన పెడుతున్నాము. ప్రయాణానికి ముందు రోజు బండి కింద చూసే పని మా ఇల్లాలిదే. ఆమె ఏదైనా చూపితే ఆ రోజే షెడ్డుకు వెళుతున్నాము. బండి మనదే కావచ్చు. అందులో కూర్చునేవారి ప్రాణాలు మన చేతిలోని అమానతు.