పాత స్పోర్ట్స్ కారు: ముందు అడుగుభాగం చూడండి

పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు మొదట ఇంజిన్ చప్పుడు వింటారు. దానికంటే ముందు చూడాల్సింది కారు అడుగుభాగం. 1989లో మాజ్డా తెచ్చిన ఎంఎక్స్-5 మియాటానే తీసుకోండి. రెండు సీట్ల ఈ తేలికపాటి కారుకు నాలుగు చక్రాల దగ్గరా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని రబ్బరు బుష్‌లు పగులుతాయి, షాక్ అబ్జార్బర్ల నుంచి ఆయిల్ కారుతుంది. గతుకుల్లో టకటక శబ్దం, మలుపుల్లో తడబాటు మొదలవుతాయి. ఇవన్నీ బోల్టులు విప్పి మార్చగల భాగాలే. కాబట్టి వాటి అరుగుదలను చూపి ధర తగ్గించమని అడగవచ్చు, కారే వద్దనుకోనక్కర్లేదు. సస్పెన్షన్ బిగించే చోట బాడీ తుప్పుపట్టి ఉంటే మాత్రం వెనుదిరగడమే మేలు.

ఈ భాగాలను ఇంట్లోనే మార్చుకోవడం ప్రమాదం కాదా అంటే, ఆ భయం సబబే. నొక్కుకుని ఉన్న స్ప్రింగ్ ఒక్కసారిగా విడిపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా దాని జోలికి వెళ్లకూడదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరకూడదు, స్టాండ్లు పెట్టాలి. రబ్బరు బుష్‌ల బోల్టులను కారు బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. బుష్‌లు ఊడదీసే ప్రెస్‌కూ, ఆఖర్న వీల్ అలైన్‌మెంట్‌కూ షాపుకు వెళ్లక తప్పదు. ఆ రెండూ పోగా మిగిలే కూలి ఖర్చే ఇంట్లో చేసుకుంటే ఆదా.