ఎచ్.ఐ.వి. సోకినవారికి గ్రామసంఘము చేయదగిన సాయము

పరపతి సంఘమనగా అప్పులిచ్చి వసూలు చేయు కచేరీ మాత్రమే యని తలచువారు కొందరు కలరు. అది సరికాదు. ఒక్కనివలన కాని పనిని పదిమంది కలసి నెరవేర్చుటయే సహకారమునకు మూలము. ఎద్దు చచ్చిన రైతునకు అరక బదులిచ్చుదుము. కోతకాలమున జ్వరపడినవాని చేనికి బదులుకూలి పోవుదుము. అట్టి మనము, ఒక సభ్యుని యింటికి ఎచ్.ఐ.వి. వచ్చినదని తెలిసినంతనే వాని గడప తొక్కుట మానుట న్యాయమా? ఈ విషయమును గూర్చి సభ్యులు తెలిసికొనవలసిన సంగతులను క్రింద వివరించుచున్నాము.

వ్యాధి స్వభావము

ఎచ్.ఐ.వి. యనునది కంటి కగపడని సూక్ష్మజీవి. శరీరమునకు కావలికాయు రక్తకణములను అది క్రమముగా నాశనము చేయును. కావలి లేని చేనిలో పశువులు పడినట్లు, రక్షణ తగ్గిన దేహములో క్షయ మొదలగు వ్యాధులు ప్రవేశించును. ఆ ముదిరిన స్థితికే ఎయిడ్సు అని పేరు. మనదేశమున ఇది మొదటిసారి 1986 వ సంవత్సరమున మద్రాసులో డాక్టరు సునీతి సాల్మన్, డాక్టరు నిర్మల గార్ల పరిశోధనవలన బయటపడినది. తరువాతి కాలమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, దీని వ్యాప్తి అధికముగా నున్న రాష్ట్రములలో నొకటియైనది.

ఇది రక్షణలేని సంభోగమువలనను, ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడుటవలనను, సోకిన రక్తము నెక్కించుటవలనను, తల్లినుండి బిడ్డకును వచ్చును. ఒకే బావినీరు త్రాగుటవలనను, ఒకే పంక్తిని భుజించుటవలనను, ప్రక్కప్రక్కన నాట్లు వేయుటవలనను, దోమకాటువలనను రానేరదు. కావున రోగిని వేరు గిన్నెలో తినుమనుటకు ఎట్టి కారణమును లేదు.

మందు, దాని నియమము

ఈ సూక్ష్మజీవిని శరీరమునుండి పూర్తిగా తుడిచివేయు మందు సామాన్య వాడుకలో లేదు. కాని దానిని అణచియుంచు మందు కలదు. 2004 ఏప్రిలు 1 వ తేదీనుండి ప్రభుత్వము దీనిని ఏ.ఆర్.టి. కేంద్రములలో ఉచితముగా నిచ్చుచున్నది. పూర్వము రక్తకణములు తగ్గువరకు ఆగి మందు మొదలిడెడివారు. 2017 నుండి, పరీక్షలో వ్యాధి తేలిన ప్రతివారికిని ఆలస్యము లేకుండ మందు ప్రారంభించుట నియమమైనది. దినమును తప్పక మ్రింగినచో రక్తములో సూక్ష్మజీవుల లెక్క పరీక్షకు దొరకనంతగా తగ్గును. అట్లు తగ్గియున్నంతకాలము సంభోగమువలన ఇతరులకు సోకదని శాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. గర్భిణి మందు వాడకున్నచో నూటికి పదునైదు మొదలు నలువదియైదు వరకు బిడ్డలకు సోకవచ్చును. సరిగా వాడినచో ఆ సంఖ్య అయిదు లోపునకు దిగును.

అయితే మందు మానిమాని వాడినచో సూక్ష్మజీవి దానికి లొంగకుండ బలపడును. అరకొరగా మందు చల్లిన చేనిలో పురుగు మొండిదగుట మన రైతులెరిగినదే. కాబట్టి మందు దొరకుట యెంత ముఖ్యమో, అది తప్పిపోకుండుటయు నంత ముఖ్యము. గ్రామసంఘము చేయదగిన పని ఇచ్చటనే యున్నది.

నాగోలు మార్గము

ఒకప్పుడు మూసీ యొడ్డున పొలములతో నిండియున్న నాగోలు నేడు నగరములో కలసిపోయినది. 2017 నవంబరులో అచ్చటినుండి మెట్రో రైలు నడువ నారంభించెను. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్సు స్టేషను, మహాత్మాగాంధీ బస్సు స్టేషనుల నడుమ మార్గము తెరువబడినందున, తూర్పు గ్రామములవారు ఉప్పల్‌లో గాని నాగోలులో గాని రైలెక్కి, పరేడ్ గ్రౌండులో మారి, గాంధీ ఆసుపత్రి స్టేషనులో దిగవచ్చును. ఆ యాసుపత్రిలో ఏ.ఆర్.టి. కేంద్రము కలదు.

మార్గము సుగమమైనను కూలివాని చిక్కు తీరలేదు. ఒక ఉదాహరణము కల్పించి చెప్పెదము. రామయ్య యను చిన్నరైతు మందుకొరకు పోవలసిన దినమే వానికి నీటివంతు వచ్చినది. పోయినచో మడి ఎండును. మానినచో మందు తప్పును. ఎవరికిని చెప్పుకొనలేడు, ఏలయన చెప్పినచో ఊరు వెలివేయునని భయము. వాడు మడినే ఎన్నుకొనును. ఇట్లు రెండుమూడు మారులు జరిగిన పిమ్మట మంచము పట్టును. వానిని పడవేసినది వ్యాధికంటె మన మౌనమే కదా! కారణ మడుగకుండ నీరు కట్టిపెట్టు పొరుగువాడొక్కడున్న చాలునుగదా!

ఇతరులు చేసిన పని

ఆఫ్రికాలోని ఉగాండా దేశమున నోరీన్ కలీబా యను ఆమె, భర్త ఈ వ్యాధితో మరణించిన 1987 లోనే, తోటి బాధితులతో కలసి టాసో యను సంఘమును స్థాపించెను. మందులు లేని ఆ దినములలో వారు ఇంటింటికి పోయి పరామర్శించి, ధైర్యము చెప్పి, పరిచర్య చేసిరి. మన తెలుగునాట విజయవాడలో చెన్నుపాటి విద్యగారు 1969 లో నెలకొల్పిన వాసవ్య మహిళా మండలియు రోగుల యిండ్లకు పోయి ఆదరించుట, తలిదండ్రులు లేని పిల్లలను కనిపెట్టుట మొదలగు పనులు చేసినది. వీరిలో పెక్కురు సామాన్య జనులే.

చట్టము, పింఛను

ఎచ్.ఐ.వి., ఎయిడ్సు చట్టము 2017 లో చేయబడి, 2018 సెప్టెంబరు 10 వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము ఒకరి సమ్మతి లేక పరీక్ష చేయరాదు; వారి స్థితిని వెల్లడి చేయరాదు; వ్యాధి కారణమున పని, చదువు, వైద్యము, అద్దెయిల్లు నిరాకరింపరాదు. కలసి కాపురముండిన యింటినుండి రోగిని గాని, వారితో నివసించినవారిని గాని వెడలగొట్టరాదు. భర్త పోయిన స్త్రీలు ఈ సంగతి ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. తెలంగాణలో 2014 లో ఏర్పడిన ఆసరా పింఛనులలో ఈ రోగులకును చోటు కలదు. ఆ పింఛను 2019 జూనునుండి 2,016 రూపాయలకు హెచ్చింపబడినది. సందేహములకు 1097 అను ఉచిత టెలిఫోను కలదు.

సంఘము చేయవలసినది

ఒకటి: సభ్యుని రహస్యమును కార్యదర్శి గాని, పాలకవర్గమువారు గాని బయటపెట్టరాదు, మినిటు పుస్తకమున వ్యాధిపేరు వ్రాయరాదు. రెండు: ఏ దీర్ఘవ్యాధికైనను వర్తించునట్లు ప్రయాణపు ఖర్చునకు చిన్న సహాయనిధి నేర్పరుపవలెను. అందరికిని వర్తించునది గనుక ఎవరిని వేలెత్తి చూపినట్లు కాదు. మూడు: ఆసుపత్రికి పోవువారి పొలమునకు బదులుకూలి, నీటివంతు మార్పు ఏర్పాటు చేయవలెను. నాలుగు: మంచి మందు వాడువాడు దీర్ఘకాలము జీవించి కష్టించగలడు గాన, వ్యాధి పేర అప్పు నిరాకరింపరాదు. అయిదు: పింఛను దరఖాస్తు వ్రాయుటకు చదువురాని వారికి తోడ్పడవలెను.

ఇందులో పెద్ద ధనవ్యయమేమియు లేదు. కావలసినది నోటికి కట్టుబాటు, చేతికి ఔదార్యము. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ అయిదు విషయములను చర్చించి తీర్మానింప సభ్యులను కోరుచున్నాము. ఒక రైతు మందుబిళ్ళకొరకు పోయి సాయంత్రము తిరిగివచ్చునప్పటికి వాని మడి తడిసియున్న యెడల, ఆ సంఘము సహకారమను పేరునకు తగినదని చెప్పవచ్చును.